స్టేజీకో పిడికెడు

ఆ శుక్రవారం పొద్దున దుబ్బయ్య అనుకున్నది చాలా చిన్న సంగతి. ఏడు గంటలకు భార్య పుట్టినూరు మర్కూక్‌లో కారెక్కాలి, దారిలో మనసు ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగాలి, మధ్యాహ్నం ఒంటిగంటకు సిద్దిపేటలో ఇల్లు చేరాలి. గంటలో అయిపోయే దారికి ఆరు గంటలా అని బావమరిది దత్తాత్రి నవ్వాడు. నవ్వితే నవ్వాడు గానీ, దుబ్బయ్య బాధ వేరు. ముప్పై రెండేళ్లు అదే రోడ్డు మీద పల్లెవెలుగు బస్సు నడిపిన మనిషి. ప్రతి స్టేజీలోనూ బస్సు ఆపాడు, ఒక్క స్టేజీలోనూ తాను దిగి ఎరగడు. జనం దిగి చాయ తాగేవాళ్లు, చుట్టాలను పలకరించేవాళ్లు. ఆయన స్టీరింగు పట్టుకుని గడియారం చూసుకునేవాడు. రిటైరైన ఏడాదికి ఎవరో వాడి వదిలేసిన చిన్న తెల్లకారు ఒకటి కొని, "ఇగ నేను గూడ దిగుత" అని భార్యతో చెప్పాడు.

భార్య రాధమ్మ ఆ మాట పెద్దగా పట్టించుకోలేదు. ఆ పొద్దు ఆమె ధ్యాసంతా ఒడిలో ఉన్న మూట మీదే. పెళ్లయిన ఆడబిడ్డను పుట్టింటివాళ్లు పిలిచి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఎండు ఖర్జూరాలు, వక్కలు, పసుపు కొమ్ములు ఒడి నిండా పోసి పంపడం అందరికీ తెలిసిందే కదా. ఆడబిడ్డ పుట్టింటిని ఊడ్చుకుపోయిందని అనిపించుకోకుండా, అందులోంచి అయిదు పిడికిళ్లు తీసి అక్కడే దేవుడి అర్రలో పళ్లెంలో పెట్టి వస్తుంది. మిగిలింది మూటగట్టి అత్తింటికి తెచ్చుకుని, వండి వాడకట్టు ముత్తైదువలకు పెడుతుంది. రాధమ్మకు ఆ ఒడిబియ్యం అంది పదకొండేళ్లయింది.

ఎందుకంటే ఒక ఉంగరం. రాధమ్మ తల్లికి ఒక పగడపు ఉంగరం ఉండేది. తల్లి పోయిన పదకొండో రోజున అది మరదలు ప్రమీలాదేవి వేలికి కనిపించింది. ఎట్లా వచ్చిందని రాధమ్మ అడగలేదు. అడిగి ఉంటే ఆ రోజే తేలిపోయేది. అడగకుండా అలిగింది. ఆ అలక ఆమె మనవరాలు పుట్టి, బడికి పోయి, ఆరో తరగతికి వచ్చినా తీరలేదు. చివరికి పోయిన ఆదివారం ప్రమీలాదేవే సిద్దిపేటకు వచ్చి, గడపలో నిలబడే బొట్టు పెట్టింది.

"వదినె, ఒడిబియ్యం పోస్త, రా," అన్నది.

"వస్త," అన్నది రాధమ్మ.

పదకొండేళ్లలో వాళ్లిద్దరూ మాట్లాడుకున్న మాటలు అవే.

బియ్యం పోసేటప్పుడు కూడా ఎక్కువేమీ మాట్లాడుకోలేదు. పోయిన వానకాలం జ్వరం వచ్చి ప్రమీలాదేవి బాగా చిక్కిపోయిందని, ఉంగరానికి దారం చుట్టి పెట్టుకున్నదని రాధమ్మ ఓరకంట చూసింది. చూడనట్టు తల తిప్పుకుంది. నూనె, పసుపు పట్టించిన బియ్యం చల్లగా ఒడిలోకి జారాయి. అయిదు పిడికిళ్లు తీసి పళ్లెంలో పెట్టింది. మూట కట్టుకుని కారెక్కింది.

ఇక్కడ రాధమ్మ అత్తగారి గురించి ఒక మాట చెప్పాలి. ఆమె పోయి ఇరవై ఏళ్లయినా ఆమె పెట్టిన నియమాలు ఇంట్లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఒడిబియ్యానికి ఆమెవి రెండు నియమాలు. మూట ముడి దేవుడి ముందు తప్ప ఎక్కడా విప్పకూడదు. ఒడిబియ్యంతో పోతూ దారిలో ఎవరి చేతి నీళ్లు తాగినా, ఆ ఇంటి ముత్తైదువకు మూట మూతి సందులోంచి చెయ్యిపెట్టి పిడికెడు తీసి ఇవ్వాలి. పూర్వం రాధమ్మ మొగుడి బస్సులోనే వచ్చేది. ఆ బస్సులో నీళ్లిచ్చే పుణ్యాత్ములు లేరు కాబట్టి రెండో నియమంతో ఎన్నడూ పని పడలేదు. ఇప్పుడు దుబ్బయ్య దిగుతున్నాడు.

మొదట కొండపోచమ్మ సాగర్ రిజర్వాయరు కట్ట మీద దిగాడు. అక్కడ పెంటవ్వ అనే ఆమె మక్కకంకులు కాలుస్తుంది. బొగ్గుల ముందు కూర్చుని, కంకి కొన్న ప్రతివాళ్లకూ నీళ్లకేసి వేలు చూపిస్తుంది.

"మా ఊరు గా నీళ్ల కిందనే ఉన్నది. అగో, గా పడవ ఉన్నది సూడు, గక్కడనే మా వంటిల్లు."

"పడవ కదులుతుంది గదా అవ్వా?" అన్నాడు దుబ్బయ్య.

"అయితే ఏంది? మా ఇల్లు పెద్దది."

దుబ్బయ్య మనసారా నవ్వి రెండు కంకులు తిన్నాడు. రాధమ్మకు పొలమారింది. పెంటవ్వ చెంబుతో నీళ్లిచ్చింది. తాగాక రాధమ్మకు అత్తగారు గుర్తుకొచ్చి, మూటలో చెయ్యి పెట్టి పిడికెడు తీసి ఇచ్చింది. పెంటవ్వ కళ్లకద్దుకుని కొంగున ముడేసుకుంది.

రెండోసారి ప్రజ్ఞాపూర్‌లో ఆగారు. రోడ్డు పక్కన పోచవ్వ చాయ హోటలు. హోటలంటే నాలుగు రేకులు, ఒక పొయ్యి, ఒక పొడుగు సీటు. ఆ సీటును చూసి దుబ్బయ్య అక్కడే నిలబడిపోయాడు. అది తన పాత బస్సు సీటు. బస్సు తుక్కుకు పోయినప్పుడు పోచవ్వ మొగుడు తెచ్చి వేశాడట.

"కిటికీ పక్కన గీ చినుగు నాకెరుకే. ఓ గొర్ల కాపరి గొర్రెపిల్లను ఎక్కిచ్చిండు, అది కొరికింది," అంటూ దుబ్బయ్య సీటును నిమిరాడు. ముప్పై రెండేళ్లలో మొదటిసారి తన బస్సులో ప్యాసింజరు సీటులో కూర్చుని చాయ తాగాడు. పక్కన ఒక ఎర్రకోడి కూర్చుని ఉంది. అది పోచవ్వ పెంచుకునే కోడి. పేరు రాణి. సీటు ఎవరికీ ఇవ్వదు.

రాధమ్మ ఇక్కడా నీళ్లు తాగింది. పోచవ్వకు పిడికెడు పెట్టింది. పోచవ్వ దాన్ని భక్తిగా గల్లాపెట్టె పక్కన పళ్లెంలో పోసి, దండం పెట్టుకోవడానికి కళ్లు మూసుకుంది. కళ్లు తెరిచేసరికి రాణి పళ్లెం ఖాళీ చేసి మూతి తుడుచుకుంటోంది.

"పోనీ తియ్యి, అది గూడ ఆడదే," అన్నది పోచవ్వ.

మూడోసారి కుకునూరుపల్లిలో ఆగారు. ఇక్కడ ఆగకుండా పోతే పాపం. దుబ్బయ్య బస్సుకు పద్దెనిమిదేళ్లు కండక్టరుగా చేసిన లక్ష్మీరాజం ఇక్కడే గోలీసోడాల దుకాణం పెట్టుకున్నాడు. మెడలో ఈల ఇంకా వేలాడుతూనే ఉంది. సోడా తాగి నిలబడి కబుర్లు చెప్పేవాళ్లను "ముందుకు జరుగున్రి, ముందుకు జరుగున్రి" అని అదిలిస్తాడు. ఎదురుగా మనుషులెవరూ లేకపోయినా అంటాడట, ఆయన భార్య లచ్చవ్వ చెప్పింది.

"అన్నా, నువ్వు దిగినవా!" అని లక్ష్మీరాజం దుబ్బయ్యను కావలించుకున్నాడు. "గీ స్టేజీల నువ్వు కాలు కింద పెట్టంగ సూడలే."

అక్కడ గంట గడిచింది. రాధమ్మ పిడికెడు ఇవ్వగానే లచ్చవ్వ, "ఒడిబియ్యం దాసిపెట్టొద్దు, తినాలె," అని వెంటనే లోపలికి పోయి తన బియ్యంలో కలిపి, బెల్లం వేసి పరమాన్నానికి పెట్టేసింది.

ఇట్లా కడుపులు నిండి, మనసులు నిండి, పదకొండున్నరకు దుద్దెడ దగ్గరికి వచ్చారు. దుబ్బయ్య సన్నగా కూనిరాగం తీస్తున్నాడు. ఇంకో పావుగంటలో ఇల్లు. అప్పుడు రాధమ్మ ఫోను మోగింది. దత్తాత్రి.

"అక్కా, యాడిదాక పోయిన్రు?"

"దుద్దెడ. ఇగ ఇంటికి పోయినట్టే."

"అక్కా, కోపానికి రావద్దు. అవ్వ ఉంగరం ఉండె గదా, ప్రమీల చేతికి. పొద్దుగాల ఉండె. ఇప్పుడు సూస్తె లేదు. ఇల్లంత ఎతికినం."

"అయితే? నేను తీసినన్నట్టా?"

"అయ్యో, గట్లెందుకంటనే! బియ్యం పోసేటప్పుడు జారిందేమో, మూటల జర సూడున్రి అంటున్న."

ఫోను పెట్టేసి రాధమ్మ సంగతి మొగుడికి చెప్పి, మూటను రెండు చేతులా తడిమి చూసింది. దుబ్బయ్య కారు పక్కకు ఆపి, పైనుంచే మూట పిసికి చూశాడు.

"దొరికింది! గిదే, గట్టిగ తగుల్తుంది."

"అది వక్క."

"మరి గిది?"

"అది రూపాయి బిళ్ల. నేను పట్టి సూసిన. ఊకో."

"గిట్ల కాదు రాధమ్మా, బ్యానెట్ మీద కుమ్మరిద్దాం. రెండు నిమిషాలు."

"రోడ్డు మీద ముడి ఇప్పుతవా? మీ అవ్వ కలలకొచ్చి నిన్ను బతకనియ్యది."

"అయితే ఇంటికి పోయి మన దేవుని ముందలే ఇప్పుదాం. పది కిలోమీటర్లు."

రాధమ్మ మొగుడిని జాలిగా చూసింది. ఇంత పెద్ద మనిషికి ఇంత చిన్న సంగతి తెలియదేమా అన్నట్టు.

"ఇంట్ల ఇప్పినంక దొరికితే, ఉంగరం సిద్దిపేటదాక తీస్కపోయింది అంటరు. దొరకకపోతే ఇంట్ల దాసింది అంటరు. గా ఉంగరం మీద పదకొండేండ్లు మూతి ముడుసుకున్నదాన్ని నేను. నేను కాలు పెట్టిన్నాడే అది మాయమైందంటే ఊరేమంటది? ప్రమీల ముందల ఇప్పాలె. పుట్టింటి దేవుడైనా దేవుడే గదా. కారు తిప్పు."

దుబ్బయ్య కారు తిప్పాడు. అప్పుడు రాధమ్మకు ఇంకో సంగతి తట్టింది. మూటలో లేకపోతే? పిడికెడు పిడికెడు చొప్పున మూడు ఊళ్లలో పెట్టి వచ్చింది కదా!

"ఆ ముగ్గురి కాడ గూడ అడుగాలె. గని ఉంగరం మాట ఎత్తకు. ఎత్తినవంటే అది మనకంటె ముందల మర్కూక్ పోతది. ఊకె, బియ్యం వాపసియ్యున్రి అని అడుగు."

ఇది దుబ్బయ్యకు చేతకాని పని. బస్సు నడపమంటే నడుపుతాడు గానీ అబద్ధం నడపలేడు. కుకునూరుపల్లిలో దిగి, లచ్చవ్వ ముందు నిలబడి, "చెల్లె, గా బియ్యం జర వాపసియ్యి," అన్నాడు.

లచ్చవ్వ గరిటె చేతిలోనే ఉంది. నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఇచ్చిన ఒడిబియ్యం ఎవరన్నా వాపసు అడుగుతారా? పుట్టింట్లో మైల పడితే తప్ప?

"అన్నా! వదినె పుట్టింట్ల ఎవలకన్న ఏమన్నయిందా?"

దుబ్బయ్య ఏమీ చెప్పకూడదు కాబట్టి నేల చూశాడు. లచ్చవ్వకు అది చాలు. పరుగున పోయి కారులో ఉన్న రాధమ్మను పట్టుకుని, "ఎట్ల ఓర్సుకుంటవే వదినె!" అని శోకం అందుకుంది. రాధమ్మకు అప్పటికే ఉంగరం దిగులుతో గొంతు దాకా ఏడుపు ఉంది. ఎవరో పట్టుకోగానే అది బయటికి వచ్చేసింది. ఇద్దరూ ఏడుస్తుంటే లక్ష్మీరాజం గబగబా దుకాణం షట్టరు దించాడు.

"బియ్యం ఏదే?" అని దుబ్బయ్య గొణిగాడు.

"పొయ్యి మీద ఉన్నయి. సగం ఉడికినయి."

"గిన్నెతోని పట్కరా."

ఎందుకని ఎవరూ అడగలేదు. దుఃఖంలో ఉన్నవాళ్లను ఎవరూ ఏమీ అడగరు. లచ్చవ్వ గిన్నెను పాతబట్టలో పట్టుకుని వెనక సీటులో కూర్చుంది. లక్ష్మీరాజం ముందు సీటులో కూర్చుని, అలవాటు చొప్పున ఈల వేశాడు. దుబ్బయ్య అలవాటు చొప్పున గేరు వేశాడు.

ప్రజ్ఞాపూర్‌లో దుబ్బయ్య ఇంకా జాగ్రత్తగా మాట్లాడాలనుకున్నాడు. అందుకే పోచవ్వతో, "కోడి ఎట్లున్నది ఇప్పుడు?" అన్నాడు.

పోచవ్వ చాయ వడబోయడం ఆపింది. "ఎట్లున్నదంటవేంది? నా కోడి ఆరోగ్యం నీకెందుకు?"

"ఊకెనే. తిన్న కాన్నుంచి కక్కుడు గిట్ల ఏమన్న..."

"ఓ అన్నా! ఏం కలిపిన్రు గా బియ్యంల?"

దుబ్బయ్య మళ్లీ నేల చూశాడు. పోచవ్వ రాణిని చంకలో పెట్టుకుని కారు దగ్గరికి వచ్చింది. లోపల ఇద్దరు ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటున్నారు. ఒకరి ఒడిలో మూట, ఒకరి ఒడిలో సగం ఉడికిన గిన్నె.

"ఎవలన్న తిన్నరా?" అన్నది భయంగా.

"పుట్టింట్ల సంగతి. ఎవలని ఇంక చెప్తలేరు," అన్నది లచ్చవ్వ, వెక్కుతూ.

అంతే. పోచవ్వ మనసులో పురుగుల మందు, విందు, దవాఖాన అన్నీ ఒకదాని వెంట ఒకటి పేర్చుకుపోయాయి. హోటలు మొగుడికి అప్పజెప్పి, ఒక సీసాలో ఉప్పునీళ్లు పోసుకుని, కోడితో సహా ఎక్కింది. "కక్కియ్యాలంటె గిదే మందు," అని సీసా అందరికీ చూపించింది. ఎవరూ పుచ్చుకోలేదు.

ఇక కట్ట మీద పెంటవ్వ. ఆమె బియ్యం కొంగున భద్రంగా ఉంది. అయినా ఇవ్వనన్నది.

"ఒడిబియ్యం తీస్కొని మల్ల చేతుల పెట్టుడు మా ఇంటా వంటా లేదు. అంతకు కావాలంటె మీ దేవుని ముందల నేనే కుమ్మరిస్త. పాండ్రి."

"జాగ లేదు అవ్వా," అన్నాడు దుబ్బయ్య.

"జరుగుతె జాగైతది," అన్నారు పెంటవ్వ, లక్ష్మీరాజం ఒకేసారి.

అట్లా అయిదుగురి కారులో ఆరుగురు, ఒక కోడి, ఒక గిన్నె, ఒక మూట, ఒక ఉప్పునీళ్ల సీసా. మర్కూక్ మలుపు దగ్గర ఇంకో ఇద్దరు చెయ్యెత్తారు. దుబ్బయ్య కాలు దానంతట అదే బ్రేకు మీద పడింది. లక్ష్మీరాజం తల బయటపెట్టి, "మర్కూక్, మర్కూక్! ఎనకకు జరుగున్రి!" అని అరిచాడు. రాధమ్మ వెనక నుంచి, "ఈ బండి ఆగిందంటె నేను దిగి నడుస్త!" అన్నాక గానీ కారు కదల్లేదు. పొద్దున దిగుదామని బయలుదేరిన మనిషి మధ్యాహ్నానికల్లా మళ్లీ బస్సు నడుపుతున్నాడు. నిజం చెప్పాలంటే ఆ మలుపులో ఆయన ముఖంలో కాస్త సంతోషం కూడా కనిపించింది.

దత్తాత్రి ఇంటి ముందు కారు ఆగగానే లచ్చవ్వ ముందు దిగింది. వాకిట్లో నుంచే రాగం ఎత్తుకుంది. గడప దాటి చూస్తే దత్తాత్రి, ప్రమీలాదేవి ఇద్దరూ నిక్షేపంగా నిలబడి ఉన్నారు.

"మరి పోయిందెవలు?" అన్నది లచ్చవ్వ.

"ఎవలు పోలేదు! ఉంగరం పోయింది," అన్నది ప్రమీలాదేవి.

లచ్చవ్వ ఏడుపు ఠక్కున ఆగింది. కొంగుతో ముక్కు తుడుచుకుని దుబ్బయ్య వైపు తిరిగింది.

"ముందుగాల చెప్పొద్దా అన్నా? నలభై నిమిషాలు ఏడిస్తి! మా అత్త పోయిన్నాడు గూడ గింత ఏడ్వలే."

"అంటే మందు ఏం కలపలేదా?" అని పోచవ్వ సీసా మూత పెట్టేసింది.

ప్రమీలాదేవి మాత్రం రాధమ్మనే చూస్తోంది. "వదినె, మూటల చెయ్యి పెట్టి సూడున్రి అన్నం గని, గింతమందిని సాక్ష్యానికి తోల్కరమ్మన్నమా?"

"రావాలె. అందరి ముందల ఇప్పుత. అందరు సూడున్రి."

దేవుడి అర్ర గడప ముందు చాప పరిచారు. రాధమ్మ దండం పెట్టుకుని ముడి విప్పింది. పచ్చటి బియ్యం చాప మీద కుప్పగా పడింది. చుట్టూ కూర్చుని అందరూ వేళ్లతో జల్లెడ పట్టారు. ఖర్జూరాలు దొరికాయి. వక్కలు, పసుపు కొమ్ములు, రూపాయి బిళ్ల, దత్తాత్రి చొక్కా గుండీ ఒకటి దొరికాయి. ఉంగరం దొరకలేదు. పెంటవ్వ కొంగు ముడి విప్పి కుమ్మరించింది. లేదు. లచ్చవ్వ పరమాన్నాన్ని గరిటెతో అడుగుదాకా తిప్పింది. లేదు.

రాధమ్మ లేచి నిలబడింది. "ప్రమీలా, నా కొంగు గూడ దులుపుత, సూడు. నా సంచి గూడ ఇప్పి సూడు. అంతే గని, నన్ను..."

"వదినె, నేను నిన్ను ఒక్క మాటంటినా? నువ్వే అంటున్నవు, నువ్వే ఏడుస్తున్నవు!" అన్నది ప్రమీలాదేవి.

అప్పుడు దత్తాత్రి మెల్లగా తల తిప్పి కోడిని చూశాడు. తర్వాత లక్ష్మీరాజం చూశాడు. తర్వాత అందరూ చూశారు. అందరి చూపుల్లోనూ ఒకటే లెక్క. మూటలో లేదు, కొంగులో లేదు, గిన్నెలో లేదు. మిగిలింది రాణి కడుపు.

"ఏంది గట్ల సూస్తున్రు?" పోచవ్వ కోడిని గుండెలకు హత్తుకుంది. "గది నా బిడ్డ లెక్క. అంతగా కొయ్యాలంటె ముందుగాల నన్ను కొయ్యున్రి!"

ఆ హత్తుకోవడం కాస్త గట్టిదైంది. రాణికి ఊపిరాడక రెక్కలు కొట్టుకుని పోచవ్వ భుజం మీదికి ఎగిరింది. అక్కడి నుంచి చాప మీదికి, చాప మీది నుంచి దేవుడి అర్రలోకి. "పట్టున్రి, పట్టున్రి!" అని అందరూ గడప దగ్గర ఒకరి మీద ఒకరు పడ్డారు. లోపల దీపం పక్కన ఇత్తడి పళ్లెం ఉంది. అందులో పొద్దున రాధమ్మ పెట్టిన అయిదు పిడికిళ్ల బియ్యం ఉన్నాయి. పొద్దుటి రుచి గుర్తుందేమో, రాణి పళ్లెం అంచు మీద ఎక్కి ముక్కుతో నాలుగుసార్లు పొడిచింది. అయిదో పొడుపుకు పళ్లెంలో 'ఠంగ్' మన్నది.

దారం చుట్టిన పగడపు ఉంగరం. ఎర్రగా, పసుపంటుకుని.

మూడు ఊళ్లు తిరిగి, నలుగురిని ఎక్కించుకుని వెతికిన వస్తువు వెతికినవాళ్ల దేవుడి అర్రలో, కళ్లెదురుగా కూర్చుని ఉంది. పుట్టింట్లోనే ఉండిపోయిన ఆ బియ్యం సంగతి ఎవరికీ తట్టనే లేదు.

"అయ్యో దేవుడా," అన్నది ప్రమీలాదేవి. "నా ఇంట్లనే పెట్టుకొని నిన్ను రోడ్డెక్కించి ఏడిపిస్తి గదా వదినె."

రాధమ్మకు కోపం రావలసింది. ఏమిటో గానీ నవ్వు వచ్చింది. ఆ నవ్వు చూసి ప్రమీలాదేవికి కూడా వచ్చింది. పదకొండేళ్ల కింద తల్లి బతికుండగా ఇద్దరూ అదే గడప దగ్గర కూర్చుని ఏ మాటకో పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు. ఆ నవ్వే మళ్లీ వచ్చి ఇద్దరినీ పట్టుకుంది. పోచవ్వ మాత్రం నవ్వలేదు. కోడిని పట్టుకుని అందరి దగ్గరికీ పోయి, "ఇప్పుడు అనున్రి, ఇప్పుడు అనున్రి," అని అడిగింది. దత్తాత్రి రాణికి చేతులు జోడించి దండం పెట్టాడు.

పరమాన్నాన్ని ప్రమీలాదేవి పొయ్యి మీద పెట్టి పూర్తిగా ఉడికించింది. ఉంగరం వెతికిన గిన్నె కదా అని ఎవరూ వద్దనలేదు. మళ్లీ మళ్లీ వేయించుకున్నారు.

ఇంకో పని మిగిలింది. ముడి విప్పిన మూటను అట్లాగే పంపకూడదు, మళ్లీ పోయాలి. ఈసారి పోయడానికి ముందు ఆరు గొంతులు ఒకేసారి అరిచాయి: "ఉంగరం తియ్యి!" ప్రమీలాదేవి నవ్వుతూ వేలి నుంచి ఉంగరం తీసి, అందరూ చూస్తుండగా దుబ్బయ్యకు ఇచ్చింది. "అన్నా, జర నీ జేబుల పెట్టు, బియ్యం పోసినంక తీస్కుంట."

దుబ్బయ్య చొక్కా జేబులో వేసుకున్నాడు. బియ్యం పోశారు. రాధమ్మ అయిదు పిడికిళ్లు తీసి పళ్లెంలో పెట్టింది. ఈసారి ఒక్కో పిడికిలీ విప్పి అందరికీ చూపించి మరీ పెట్టింది. మూట కట్టుకుని, మరదలి తల నిమిరి కారెక్కింది.

తిరుగుదారిలో లక్ష్మీరాజం ఈల వేసిన చోటల్లా కారు ఆగింది. కట్ట మీద పెంటవ్వ దిగింది, ప్రజ్ఞాపూర్‌లో పోచవ్వ, రాణి దిగారు, కుకునూరుపల్లిలో మొగుడూపెళ్లాలు దిగారు. ఎక్కడా ఎవరి చేతి నీళ్లూ తాగకుండా రాధమ్మ పెదవులు బిగించుకుని కూర్చుంది. ఎండ వాలుతుండగా దుద్దెడ వచ్చింది. దుబ్బయ్య కళ్లద్దాల కోసం చొక్కా జేబులో చెయ్యి పెట్టి, కారును రోడ్డు పక్కకు లాగి ఆపేశాడు.

"రాధమ్మా," అన్నాడు సన్నగా.

అరచేతిలో పగడం మెరిసింది. రాధమ్మ కెవ్వుమన్నది. ఇంతసేపు కష్టపడి కడుక్కున్న నింద మళ్లీ సొంత మొగుడి జేబులో కూర్చుని దుద్దెడ దాకా వచ్చింది! గబగబా తానే ఫోను చేసింది.

"ప్రమీలా, మీ అన్న మర్సిపోయిండే! నీ ఉంగరం జేబులనే ఉన్నది. ఇప్పుడే తిప్పుతున్నం బండి..."

"మర్సిపోయింది అన్న, వదినె. నేను మర్సిపోలే," అన్నది ప్రమీలాదేవి అటు నుంచి.

రాధమ్మకు అర్థం కాలేదు.

"అత్త పొయ్యేముందల నా చేతికి పెట్టి, 'రాధ అడిగితె ఇయ్యి' అన్నది. నువ్వు అడుగకపోతివి, నేను ఇయ్యకపోతిని. పదకొండేండ్లాయె."

"నేనిప్పుడు గూడ అడుగలే గదనే!" అన్నది రాధమ్మ.

"అడుగలే. నువ్వడుగవు. అందుకనే అన్న జేబుల ఏసిన. మల్ల బండి తిప్పుకొని వస్తె నేను ఇంకో పదకొండేండ్లు మాట్లాడ, ఏమనుకుంటున్నవో."

రాధమ్మ ఫోను పెట్టేసింది. దుబ్బయ్య కూనిరాగం మళ్లీ ఎక్కడ వదిలేశాడో అక్కడ అందుకున్నాడు. రాధమ్మ కళ్లు తుడుచుకుని, చుట్టిన దారం జాగ్రత్తగా విప్పి, తల్లి ఉంగరాన్ని ఉంగరపు వేలికి పెట్టి చూసింది, తర్వాత పక్క వేలికి, ఆఖరికి చిటికెన వేలికి. రోటి దగ్గర, రోకలి దగ్గర నలభై ఏళ్లు పనిచేసి బలిసిన వేళ్లవి. పదకొండేళ్లు అలిగి సాధించిన ఉంగరం చిటికెన వేలి మొదటి కణుపు దగ్గర ఆగింది, ఆ స్టేజీ దాటి ఇక కదల్లేదు.